నాలుగు పొయ్యిల ఇండక్షన్ హాబ్ కొంటున్నారా? "ఎంసీబీ మారుస్తే చాలు" అంటే నమ్మకండి

నల్లగొండలో గానీ చుట్టుపక్కల గానీ హాబ్ కొనాలనుకునేవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయట్లేదు.

మేం తీసుకున్నది 6600 వాట్లది. వైరింగ్ ఏమైనా మార్చాలా అని కొనేముందే అడిగాం. "ఏం అక్కర్లేదన్నా, కిచెన్‌ల పవర్ పాయింట్ ఉంటది గదా, దానికే ఇస్తరు" అన్నాడు సేల్స్ అబ్బాయి. ఫిట్టింగ్‌కు వచ్చినతను అలాగే 16 ఆంప్స్ పాయింట్ నుంచి కలిపి పోయాడు. నాలుగు పొయ్యిలూ పెడితే కాసేపటికి ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్) పడిపోయేది. మళ్లీ పిలిస్తే 20 ఆంప్స్‌ది తీసేసి 32 పెట్టి, "ఇగ పడదు" అన్నాడు.

నిజంగానే పడలేదు. దసరాకు చుట్టాలొచ్చారు. ఒకవైపు బగారా అన్నం, ఒకవైపు మటన్, అన్ని పొయ్యిలూ నడుస్తున్నాయి. బోర్డు దగ్గర కాలిన వాసన. మెయిన్ ఆపి ప్లేటు విప్పితే, స్క్రూ దగ్గర ఎర్ర వైరు తొడుగు నల్లబడి, ముట్టుకుంటే పెళుసుగా రాలింది. డీబీలో (ఎంసీబీలన్నీ ఉండే డబ్బా) ఎంసీబీ మాత్రం దర్జాగా ఆన్‌లోనే ఉంది!

ఎంసీబీ ఉండేది ముఖ్యంగా గోడలోని వైరును కాపాడటానికి. 6600 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 29 ఆంప్స్. మా గోడలో ఉన్నది 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. పైపులో పోయే ఆ సైజు రాగి వైరుకు హద్దు 20 ఆంప్స్ అటూఇటుగా. మన మే నెల ఎండల్లో, ఒకే పైపులో నాలుగైదు వైర్లు దూర్చిన చోట ఇంకా తక్కువే. 20 ఎంసీబీ పడుతోందంటే దాని పని అది చేస్తోందన్నట్టు. వైరు మార్చకుండా 32 పెట్టడమంటే కాపలా తీసేయడమే.

తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి డీబీ నుంచి విడిగా 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగాడు, ఎర్త్‌తో సహా. దానికి 32 ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, చేతికందేలా ఫేజ్, న్యూట్రల్ రెండూ ఆపే డబుల్ పోల్ స్విచ్. మధ్యలో సాకెట్ లేదు. 7200, 7400 వాట్ల మోడళ్లకు ఇదీ ఇరుకే, 10 వైరు, 40 ఎంసీబీ అడగండి. త్రీఫేజ్ ఇల్లయితే కొన్ని హాబ్‌లను రెండు ఫేజులకు పంచొచ్చు, ఆ బొమ్మ మాన్యువల్లో ఉంటుంది. కరెంటు కనెక్షన్ లోడ్ రెండు మూడు కిలోవాట్లే ఉంటే అదీ పెంచుకోవాలి. 2000 వాట్ల ఒంటి స్టవ్‌కు ఈ టెన్షన్ లేదు, 9 ఆంప్స్ లోపే.

షాపువాళ్లేమో ఫిట్టింగ్ మాది కాదంటారు, ఫిట్టింగ్ వాళ్లేమో వైరింగ్ మీదంటారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు పెట్టాను, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. ఈమధ్య హాబ్ పెట్టించుకున్నవాళ్లు ఈరోజే డీబీ తలుపు తెరిచి ఎంసీబీ మీద నంబర్ చూడండి. సీ32 (అంటే 32 ఆంప్స్‌ది) అని ఉండి, వైరు పాతదే అయితే, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా గ్యాస్ మీదే వండుకోండి.