అర్థం చెప్పే జేబు నిఘంటువు

అక్షరాల బిళ్లలతో ఇంగ్లిష్ పదాలు పేర్చే స్క్రాబుల్ ఆటగాళ్ల కోసం వేసిన ఈ చిన్న నిఘంటువును రెండు నెలలుగా వాడుతున్నాను. ఉత్త పదాల పట్టికలు నాకు తలకెక్కవు. అర్థం తెలిస్తేనే పదం గుర్తుంటుంది, ఇందులో ఆ అర్థం ఉంది.

సీ, డబ్ల్యు, ఎమ్ కలిపితే 'కూమ్': హిమానీనదం కొండలో తొలిచిన గిన్నెలాంటి లోయ. వెల్ష్ భాష నుంచి వచ్చిన ఈ పదంలో డబ్ల్యుయే అచ్చు! అచ్చులు దొరకనప్పుడు ఎంత ఆదుకుంటుందో. జెడ్, ఏ, ఎక్స్ కలిపితే 'జాక్స్': పైకప్పు రాతిపలకలు కోసే పనిముట్టు. మూడక్షరాలకే 19 పాయింట్లు. 'యు' దొరక్క 'క్యు' మిగిలిపోతే, క్యు, ఐ కలిపిన 'చీ' ఉంది, చైనీయుల ప్రాణశక్తి.

ఉచ్చారణ ఇవ్వకపోవడం పెద్ద లోపం. 'కూమ్'ని నేను వారం రోజులు తప్పుగా పలికాను. అక్షరాలూ మరీ సన్నం. అయినా ఆట బల్ల పక్కన ఇదే ఉంటుంది.