ఐత్వం విరిగిన రోజు: లింకుల తనిఖీ ప్రోగ్రాముతో మూడేళ్లు

నా నోట్సులో తెగిన లింకులను వెతకడానికి ఒక చిన్న ప్రోగ్రామును మూడేళ్లుగా వాడుతున్నాను. కొత్తలో దాని వేగాన్ని తెగ పొగిడాను. మార్క్‌డౌన్ (చిన్న గుర్తులతో సాదాగా రాసే పద్ధతి) ఫైళ్లను చదివి, లింకులో ఉన్న పేరుతో ఫైలు ఉందో లేదో చెప్పేవి చాలానే ఉన్నాయి కనుక ఆ సంగతి వదిలేస్తాను. దీన్ని నేను విడవకపోవడానికి కారణం ఒక్కటే: దొరకని పేరునూ దానికి బాగా దగ్గరగా ఉన్న ఫైలు పేరునూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోని ప్రతి గుర్తుకూ యూనికోడ్ సంఖ్య (కంప్యూటర్లలో ఆ గుర్తుకు కేటాయించిన సంఖ్య) చూపిస్తుంది.

మొదట్లో అది ఆడంబరమనే అనుకున్నాను. పాత కంప్యూటరులోని ఫోల్డరును ఆర్కైవుగా చేసి లినక్స్ ఆపరేటింగ్ సిస్టములోకి తెచ్చుకున్న రోజున రెండు వందలకు పైగా లింకులు ఒక్కసారిగా తెగాయి. "వైద్యం" లేదంటుంది, ఫోల్డరు తెరిస్తే "వైద్యం" కళ్లెదుటే ఉంటుంది. లింకును చెరిపి మళ్లీ టైపు చేసినా అదే జవాబు. రెండు సాయంత్రాలు ఇలా గడిచాక ఆ సంఖ్యల వరుసను మొదటిసారి శ్రద్ధగా చూశాను. లింకులో ఐత్వం 3144 అనే ఒకే గుర్తుగా ఉండగా, ఫైలు పేరులో 3142, 3158 అని రెండు ముక్కలుగా, అంటే ఎత్వమూ దాని కింది వంకరా విడివిడిగా ఉన్నాయి. యూనికోడ్ దృష్టిలో రెండు రూపాలూ సమానమే అయినా, లినక్స్ సాధారణంగా ఫైలు పేర్లను బైట్లుగానే, అంటే లోపలి సంకేతాలు అచ్చంగా ఒకటేనా అనే పోలుస్తుంది. పాత కంప్యూటరు ఫైల్ సిస్టమేమో పేర్లను విడగొట్టి దాచుకునే రకం. సైకిలు, పైకం, మైదానం అంటూ తెగినవన్నీ ఐత్వం ఉన్నవే. ఫైళ్ల పేర్లలోని ఐత్వాలన్నిటినీ ఒకే గుర్తు రూపంలోకి మార్చగానే లింకులు అతుక్కున్నాయి.

అయితే ఆ "దగ్గరి పేరు" సలహాను నేను అతిగా నమ్మాను. "కల" అనే నోటును ఎప్పుడో తీసేశాను. దాని లింకులకు "కళ"ను సూచిస్తే, అన్నిటికీ సరేనన్నాను. ల 3122, ళ 3123. ప్రోగ్రాము లెక్కలో అది తప్పేమీ కాదు. కానీ తప్పు చోటికి అతికిన లింకు ఇక తెగిన లింకు కాదు కనుక, ఆ తర్వాత ఏ తనిఖీకీ చిక్కదు. నెలల తర్వాత అనుకోకుండా కంటపడితే, గిట్‌లో పాత ప్రతులుండబట్టి సరిదిద్దుకోగలిగాను. ఇప్పుడు ఒక్కొక్కటీ చూసే ఒప్పుకుంటున్నాను. మూడేళ్ల కిందట పొగిడిన వేగం ఆ మేరకు పోయింది.

వెబ్ లింకుల తనిఖీని మాత్రం ఆపేశాను. 403 (అనుమతి లేదు) అని తిప్పికొట్టే బతికున్న పేజీని చచ్చిందంటుంది, "పేజీ లేదు" అని రాసి 200 (అంతా సరే) అనే సంకేతం పంపే పేజీని బాగుందంటుంది.

నావి తెలుగు పేర్లున్న సాదా ఫైళ్లు, పైగా కంప్యూటర్లు మార్చే అలవాటుంది కనుక నాకిది కుదిరింది. ఆంగ్లంలో పేర్లు పెట్టుకుని ఒకే కంప్యూటరులో రాసుకునేవారికి ఈ సంఖ్యల వరుసతో పని పడకపోవచ్చు.