క్రిమినల్ లా ప్రాబ్లం క్వశ్చన్ల ఆన్‌లైన్ కోర్సు: లయబిలిటీ బాగా నేర్పారు, డిఫెన్సుల్లో సగమే

క్రిమినల్ లా పేపర్లో ప్రాబ్లం క్వశ్చన్ కనబడగానే టెన్షన్ పడిపోయేవాళ్ల కోసం ఈ రివ్యూ. నేను తీసుకున్నది కేవలం ప్రాబ్లం క్వశ్చన్లు రాయడం నేర్పే ఆన్‌లైన్ కోర్సు, థియరీ పాఠాలు పేరుకే ఉంటాయి. ఒక కథ ఇస్తారు. అందులో ఒకడు కొడతాడు, ఇంకొకడు చూస్తూ ఊరుకుంటాడు, ఒకరు చనిపోతారు. ఎవరి మీద ఏ నేరం నిలబడుతుందో (అదే లయబిలిటీ), ఎవరికి ఏ డిఫెన్స్, అంటే ఆ బాధ్యతను తప్పించే లేదా తగ్గించే వాదన, దొరుకుతుందో మనం రాసి పంపితే ట్యూటర్ దిద్ది వెనక్కి పంపుతారు. కోర్సు మొత్తం ఇంగ్లండ్ చట్టం మీదే నడుస్తుంది, కాబట్టి భారతీయ న్యాయ సంహిత చదివేవాళ్లు సెక్షన్లు తమ పుస్తకంలోనే చూసుకోవాలి, కొన్నిచోట్ల ఫలితం కూడా మారిపోతుంది. కింద ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి కోర్సు పేరు రాయడం లేదు. ఇలాంటిది ఏది తీసుకున్నా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే ఆ మంచి నిజంగా చాలా మంచిది. ఒకే కథను ఒక్కో వాక్యం మారుస్తూ మళ్లీ మళ్లీ ఇస్తారు. వాళ్ల కథ ఇక్కడ పెట్టకూడదు కాబట్టి అదే పద్ధతిలో నేను ఒకటి అల్లి చెప్తాను. మధు రాత్రిపూట ఒంటరిగా నడిచి వస్తున్నాడు. స్నేహితుడు కిరణ్ ఆటపట్టిద్దామని ముసుగేసుకుని, బొమ్మ తుపాకీ పట్టుకుని గోడ చాటునుంచి ఒక్కసారిగా మీదికి దూకాడు. నిజంగానే ఎవరో చంపడానికి వచ్చారనుకుని మధు పక్కనే పడున్న ఇనుప రాడ్ తీసి తలమీద కొట్టాడు. కిరణ్‌ని ఆసుపత్రిలో చేర్చారు, గాయం దాదాపు మానింది, ఇంతలో అతనికి పడదని ఫైల్లో రాసి ఉన్న మందునే ఒక డాక్టర్ మళ్లీ ఇచ్చాడు, కిరణ్ చనిపోయాడు.

ఈ కథ చదవగానే చాలామంది రాసే మొదటి వాక్యం "మధుకు ఆత్మరక్షణ వర్తిస్తుంది" అని. ఈ కోర్సులో అలా రాయడం కుదరదు, ఎందుకంటే జవాబు రాసే పెట్టెలు వరసగా తెరుచుకుంటాయి. యాక్టస్ రియస్ (చేసిన నేరపు పని) పూర్తిచేస్తేగానీ మెన్స్ రియా (దాని వెనక ఉన్న నేర మనస్సు) పెట్టె రాదు, అది కూడా అయితేగానీ డిఫెన్స్ పెట్టె కనిపించదు. మొదట్లో విసుగ్గా అనిపిస్తుంది కానీ దాని విలువ త్వరగానే తెలిసొస్తుంది. నేరమే నిలబడని చోట డిఫెన్స్ గురించి పేజీలు నింపడం కంటే పరీక్షలో పెద్ద వృథా ఇంకోటి లేదు, పైగా ఒక మనిషిని హంతకుడు అనాలా వద్దా అని తేల్చేటప్పుడు ఆ మాత్రం ఓపిక పట్టాలి కూడా.

కాజేషన్, అంటే చావుకు కారణం ఎవరో తేల్చే చోట, కోర్సు అద్భుతం. మధు కొట్టకపోతే కిరణ్ ఆసుపత్రికే వచ్చేవాడు కాదు, కాబట్టి ఫ్యాక్చువల్ కాజేషన్ ఉంది, ఇది రెండు లైన్లలో అయిపోతుంది. అసలు పని లీగల్ కాజేషన్‌లో, అంటే మధ్యలో ఇంకొకరి తప్పు వచ్చినా చట్టం దృష్టిలో మొదటివాడే కారణమా అన్నదాంట్లో. 1956 నాటి జోర్డాన్ కేసులో కత్తిపోటు దాదాపు మానాక, పడదని తేలిన మందునే మళ్లీ ఇచ్చారు, కోర్టు శిక్ష కొట్టేసింది. 1959 నాటి స్మిత్ కేసులో పొడిపించుకున్న సైనికుడిని మోసుకెళ్తూ రెండుసార్లు కింద పడేశారు, చికిత్స కూడా సరిగ్గా చేయలేదు, అయినా గాయం ఇంకా పనిచేస్తున్న ప్రధాన కారణమే కాబట్టి పొడిచినవాడి బాధ్యత పోలేదు. 1991 నాటి చెషైర్ కేసులో తూటా గాయాలు ప్రాణాంతకం కాని దశకు వచ్చాక, చికిత్స కోసం గొంతులో పెట్టిన గొట్టం వల్ల వచ్చిన సమస్యతో మనిషి పోయాడు, అక్కడ కూడా కాల్చినవాడి శిక్ష నిలిచింది. ఈ మూడూ అందరూ చదువుతారు. కానీ కథలో "గాయం దాదాపు మానింది" అన్న మూడు మాటలు తీసేసి "రక్తస్రావం ఆగలేదు" అని పెట్టగానే జవాబు జోర్డాన్ వైపు నుంచి స్మిత్ వైపు ఎలా జరిగిపోతుందో మన చేత్తో మనమే రాసి చూస్తేగానీ ఒంటపట్టదు. ఆ తర్వాత డాక్టర్ తప్పును మామూలు నిర్లక్ష్యం స్థాయికి తగ్గించి ఇంకోసారి ఇస్తారు. ఇలా రాశాక కేసు పేరు గుర్తుపెట్టుకోవడానికి విడిగా బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

మత్తుకీ ఆత్మరక్షణకీ ముడిపెట్టిన పాఠం కూడా ఇదే స్థాయిలో ఉంది. మధు తాగలేదనుకోండి, ప్రమాదం ఉందని నిజాయితీగా నమ్మితే చాలు, ఆ నమ్మకం పొరపాటైనా సరే, అతను నమ్మిన పరిస్థితిని బట్టే ఆత్మరక్షణను చూస్తారు. గ్లాడ్‌స్టన్ విలియమ్స్ కేసు చెప్పింది అదే, ఇప్పుడు 2008 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ ఇమిగ్రేషన్ చట్టంలోని 76వ సెక్షన్‌లో కూడా ఉంది. వాడిన బలం మాత్రం ఆ పరిస్థితికి తగినదేనా అన్నది మధు చెప్పేది కాదు, జ్యూరీ తేల్చేది. ఇప్పుడు కథలో "మధు పీకలదాకా తాగి ఉన్నాడు" అని చేర్చండి. ఆ పొరపాటు మత్తువల్ల కలిగిందైతే దాన్ని వాడుకోవడానికి అదే సెక్షన్ ఒప్పుకోదు. 1987 నాటి ఓగ్రేడీ, 2005 నాటి హాటన్ కేసుల్లో కోర్టు కూడా అదే చెప్పింది. ఇక్కడే చాలామంది, మత్తులో ఉన్నవాడికి నేర ఉద్దేశం ఉందా అన్న ప్రశ్నకు వాడే 1976 నాటి మజెవ్‌స్కీ కేసు తెచ్చి రెంటినీ కలిపేస్తారు. మత్తులో చంపాలనో, తీవ్రంగా గాయపరచాలనో ఉద్దేశమే కలగలేదు అనేది ఒక వాదన, అది మర్డర్ నుంచి మాన్‌స్లాటర్‌కి (అంతకంటే తక్కువ స్థాయి నరహత్య నేరానికి) తగ్గించగలదు. ఉద్దేశం ఉంది కానీ ఎదుటివాడు శత్రువనుకున్నాను అనేది వేరే వాదన, మత్తువల్ల అలా అనుకుంటే అది మర్డర్ దగ్గర కూడా పనికిరాదు. మూడో రూపంలో మధు కూల్‌డ్రింక్‌లో ఎవరో మత్తుమందు కలిపారు. సెక్షన్ ఆపేది తనంతట తాను ఎక్కించుకున్న మత్తునే కాబట్టి దారి మళ్లీ తెరుచుకుంటుంది. మూడు రూపాలూ పక్కపక్కన పెట్టి రాయించడం ఇంకెక్కడా చూడలేదు.

ఇన్‌సానిటీకి (లోపలి జబ్బువల్ల మనసు దెబ్బతినడం), ఆటోమాటిజానికి (బయటి కారణంవల్ల ఒంటిమీద అదుపు తప్పడం) తేడా చెప్పడానికి షుగర్ వ్యాధి కేసులు రెండూ జంటగా ఇచ్చారు, అదీ బాగుంది. 1973 నాటి క్విక్‌లో ఇన్సులిన్ తీసుకుని సరిగ్గా తినలేదు, అది బయటి కారణం, కాబట్టి ఆటోమాటిజం. 1989 నాటి హెన్నెసీలో ఇన్సులిన్ తీసుకోలేదు, అది లోపలి జబ్బు, కాబట్టి ఇన్‌సానిటీ. ఒకే రోగం, ఒక ఇంజెక్షన్ తేడాతో రెండు వేరే ఫలితాలు. ఇది న్యాయమేనా అని కోర్సు ఒక్క మాట కూడా అడగదు, అడిగి ఉండాల్సింది.

ఇక ఫిర్యాదులు. పెద్దది మోడల్ ఆన్సర్ల గురించి. లయబిలిటీ దగ్గర అంత ఓపిక చూపించినవాళ్లు డిఫెన్స్ పెట్టె తెరుచుకునేసరికి ఆయాసపడుతున్నట్టు రెండు లైన్లలో తేల్చేస్తారు. డ్యూరెస్ (బెదిరింపువల్లే చేశాననే వాదన) కథే చూడండి. బెదిరింపుకు లొంగి ఒకామె ఇంకొకరిని పొడుస్తుంది, బాధితుడు ప్రాణాలతో బయటపడతాడు. మోడల్ ఆన్సర్ 1987 నాటి హోవ్ కేసు చెప్పి డ్యూరెస్ లేదు అని ముగించేసింది. హోవ్ ఆపింది మర్డర్‌కి డ్యూరెస్‌ని. ఇక్కడ ఎవరూ చావలేదు కాబట్టి అభియోగం ఏమిటో ముందు తేల్చాలి. అటెంప్ట్ టు మర్డర్ అయితే 1992 నాటి గాట్స్ కేసు వల్ల డ్యూరెస్ దొరకదు, కానీ ఆమె ఉద్దేశం తీవ్రంగా గాయపరచడం వరకే అయితే డ్యూరెస్ వాదించుకోవచ్చు, దాని షరతులు ఎంత కఠినమో 2005 నాటి హసన్ కేసుతో చెప్పాలి. పైగా అదే ఉద్దేశంతో, అదే పోటు పొడిచి, బాధితుడు చనిపోతే డ్యూరెస్ లేదు, బతికితే ఉంది. ఈ వైపరీత్యం గురించి రాసినవాళ్లకే మంచి మార్కులు పడతాయి. మోడల్ ఆన్సర్‌లో దాని ఊసే లేదు. నెసెసిటీ (ఇంకో దారి లేక చేశాననే వాదన) కూడా అంతే, 1884 నాటి డడ్లీ అండ్ స్టీఫెన్స్ కథంతా పూసగుచ్చినట్టు చెప్పి, పడవలో ఆకలితో ఉన్నవాళ్లు పదిహేడేళ్ల కుర్రాడిని చంపారు, మరణశిక్ష ఆరు నెలల జైలుగా తగ్గింది అని వివరించి, ఒకరు చనిపోతారని తెలిసినా అతుక్కుని పుట్టిన కవలలను విడదీసే ఆపరేషన్‌కు 2000లో కోర్టు ఎందుకు అనుమతిచ్చిందో అసలు ముట్టుకోలేదు.

దిద్దుబాటు ట్యూటర్‌ను బట్టి మారుతుంది. ఒకరు నా జవాబులో ఫ్యాక్ట్స్ వాడుకోని ప్రతి చోటా గీత గీసి "ఇది కథలో ఎక్కడుంది?" అని రాశారు, ఆ ఒక్క పేపర్‌తోనే డబ్బులు వసూలైనట్టు అనిపించింది. ఇంకొకరు "గుడ్, మరిన్ని కేసులు చేర్చండి" అని మాత్రమే రాసి పంపారు. ఎక్కడ, ఎందుకు చేర్చాలో చెప్పకపోతే దాన్ని ఫీడ్‌బ్యాక్ అనలేం. ట్యూటర్‌ను ఎంచుకునే వీలు ఇవ్వాలి.

అన్నిటికంటే కోపం తెప్పించింది నేరంలో తోడున్నవాళ్ల మీద ఉన్న చాప్టర్. తోటివాడు చంపవచ్చని ముందే ఊహిస్తే చాలు, తోడెళ్లినవాడూ మర్డర్ దోషే అని అందులో ఇంకా ఉంది. 2016లో జోగీ తీర్పుతో బ్రిటన్ సుప్రీంకోర్టు దాన్ని తప్పుదారి అని పక్కన పెట్టేసింది. ఊహించడం సాక్ష్యం మాత్రమే, సహకరించే ఉద్దేశం రుజువు కావాలి అంది. ఆ చాప్టర్ నమ్ముకుని రాస్తే విద్యార్థి మునిగిపోతాడు. మెయిల్ పెడితే "టీమ్‌కు చెప్తాం" అన్నారు, ఇది రాసే సమయానికి పాఠం అలాగే ఉంది.

కాజేషన్, ఇంటాక్సికేషన్, ఇన్‌సానిటీ మీకు కష్టమైతే నిస్సంకోచంగా తీసుకోండి. డ్యూరెస్, నెసెసిటీ, తోడుదొంగల బాధ్యత కోసమే అయితే వద్దు, మంచి టెక్స్ట్‌బుక్ తాజా ఎడిషన్ దగ్గర పెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు రాసుకోండి. చేరేముందు ఉచితంగా చూడనిచ్చే పాఠాల్లో జోగీ పేరు ఉందో లేదో వెతకండి, చాప్టర్ అప్‌డేట్ అయిందీ లేనిదీ అక్కడే తెలిసిపోతుంది.