పిల్లల బాస్కెట్‌బాల్ కోచింగ్‌లో ఫుడ్ క్లాస్ - వైజాగ్ పేరెంట్స్ కోసం రివ్యూ

మా బాబు ఎంవీపీ కాలనీ సైడు బాస్కెట్‌బాల్ నేర్చుకుంటాడు, అక్కడ ఈ సమ్మర్‌లో ఒక డైటీషియన్ మేడమ్ గారితో పిల్లలకీ పేరెంట్స్‌కీ కలిపి ఫుడ్ మీద క్లాస్ పెట్టారు, ఫీజు సెపరేట్. కట్టొచ్చా అని చాలామంది అడుగుతున్నారు, కట్టండి.

మేడమ్ గారు ముందే పిల్లలకి క్వశ్చన్ పేపర్ ఇచ్చారు. మ్యాచ్‌కి ముందు ఏం తినాలి అంటే సగం మంది ఎనర్జీ డ్రింక్ అని రాశారు, ఒక పాపైతే అన్నం మానేస్తే జంప్ పెరుగుద్ది అని రాసింది. అందరూ బాగా ఆడే పిల్లలే, చూస్తే నిజంగా బాధేసింది. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు, పరిగెత్తడం ఆగడం ఎగరడం, దీనికి కండరాల్లో గ్లైకోజెన్, అంటే దాచిపెట్టుకున్న ఎనర్జీ ఉండాలి, అది అన్నం, ఇడ్లీ, అరటిపండు లాంటివాటి నుంచే వస్తుందని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఎనర్జీ డ్రింక్ క్యాన్ మీదే పిల్లలకి వద్దని రాసుంటుంది, అది పిల్లల చేతే పైకి చదివించారు.

అన్నిటికన్నా నచ్చింది ఓఆర్ఎస్, అంటే ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు తాగే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ల గురించి చెప్పింది. మన ఉక్కపోతలో చెమట ఆరదు, కారిపోద్ది అంతే. ప్రాక్టీస్‌కి ముందూ తర్వాతా బరువు చూస్కోండి, అరకిలో తగ్గితే దాదాపు అర లీటరు నీళ్లు పోయినట్టే అన్నారు. ఓఆర్ఎస్‌కి అసలు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఆ ఫార్ములా లేకుండా ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తియ్యటి డ్రింకులు ఎన్నో అమ్మారు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో ఫుడ్ సేఫ్టీ చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. లేబుల్ ఎలా చదవాలో పిల్లలకి నేర్పడం చాలా మంచి పని.

ప్రోటీన్ లెక్క కూడా వేయించారు. ఆటగాళ్లకి రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 2 గ్రాములు, అంటే 50 కిలోల పిల్లాడికి కనీసం 60 గ్రాములు. రెండు గుడ్లు 12, రెండు గ్లాసుల పాలు 16, గుప్పెడు వేరుశనక్కాయలు 7, ఇంక పప్పన్నం, పెరుగు, చేపల కూర ఉంటే ప్రోటీన్ పౌడర్ డబ్బా ఎందుకండీ.

కానీ ఇదంతా విని బయటికొస్తే గుమ్మం పక్కనే పౌడర్ల స్టాల్! అక్కడ కుర్రాడు డబ్బా వాడితే హైట్ పెరుగుతారని పిల్లలకి చెప్తున్నాడు. పౌడర్‌తో హైట్ పెరగదు. క్లాస్ పెట్టినవాళ్లే అక్కడ స్టాల్‌కి చోటివ్వడం చాలా తప్పు, మేం కొందరం పేరెంట్స్ గట్టిగానే అడిగాం.

స్లైడ్లన్నీ ఇంగ్లీషులోనే, మనవడితో వచ్చిన ఒక మామ్మగారికి ఏమీ అర్థం కాలేదు, ఇంట్లో వండేది ఆవిడే మరి. ఆడపిల్లలకి ఐరన్ తగ్గడం గురించి చివర్లో రెండు ముక్కలు చెప్పి వదిలేశారు. నెక్స్ట్ బ్యాచ్‌లో దానికి సెపరేట్ టైం ఇవ్వమనీ, హాస్టల్ పిల్లల మెస్ వాళ్లని కూడా పిలవమనీ కోచ్ గారికి చెప్పాం, సరేనన్నారు.