మేస్త్రికా, ఫుల్ కాంట్రాక్టుకా, లేక ముందు డ్రాయింగా? ఇల్లు కట్టేటప్పుడు ఏది మేలు?

స్లాబ్ పోసిన మర్నాడు పొద్దున్నే నీళ్ళు కట్టడానికి పైకెక్కితే, కిందనుంచి ఎలక్ట్రీషియన్ కేకేశాడు. "అన్నా, హాల్లో ఫ్యాన్ బాక్స్ ఒకటే ఉంది, రెండోది వేయలేదా?" ఫ్యాన్ తగిలించే ఆ బాక్స్ స్లాబ్ పోయకముందే పెట్టాలి. హాలు పొడవు 22 అడుగులు. రెండో ఫ్యాన్ సంగతి మాకెవరికీ గుర్తు రాలేదు, ఎందుకంటే అది ఏ కాగితం మీదా లేదు. 2016లో తిరుపతి పక్కన అవిలాలలో కట్టిన మా మొదటి ఇంటి సంగతిది. ఇప్పటికీ ఆ హాల్లో సోఫా వైపు కూర్చున్నవాళ్ళకి టేబుల్ ఫ్యానే గతి.

ఆ తర్వాత అదే ఇంటిమీద పై అంతస్తు ఫుల్ కాంట్రాక్టుకి ఇచ్చాం. రెండేళ్ళ కిందట మంగళం దగ్గర మా బావమరిది ఇల్లు ఇంకో పద్ధతిలో కట్టించాను. నేను ఇంజనీర్‌ని కాదు, మూడుసార్లు కట్టించి, అందులో రెండుసార్లు చేతులు కాల్చుకున్నవాణ్ణి. తిరుపతిలో ఎవరు స్థలం కొన్నా మొదట "అడుగుకి ఎంత పడింది?" అనే అడుగుతారు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది రేటు కాదు, గీసేదెవరు, కట్టేదెవరు, ఇద్దరూ ఒకరేనా అన్నది.

మొదటిది మన ఊళ్ళో ఎక్కువమంది చేసేది. సిమెంటు, కంబీ, ఇసుక మనం తెస్తాం, మేస్త్రికి చదరపు అడుగు లెక్కన లేబర్ ఇస్తాం. ఇందులో సుఖం ఉంది, కాదనను. ఏ కంపెనీ సిమెంటు వాడారో మన కళ్ళముందే ఉంటుంది, డబ్బు ఉన్నప్పుడు పని నడుస్తుంది, లేనప్పుడు ఆగుతుంది, వంటగది కిటికీ రెండడుగులు జరపాలంటే అక్కడికక్కడే జరుపుతారు. చిక్కంతా డ్రాయింగ్ దగ్గరే. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ కోసం గీయించిన ప్లాన్ జిరాక్స్ తీసి మేస్త్రి చేతిలో పెట్టి, ఇదిగో ప్లాన్ అంటాం. ఆ ప్లాన్ గీసింది పర్మిషన్ కోసం. రోడ్డు వెడల్పు ఎంత, చుట్టూ ఎంత వదిలారు, ఎన్ని అంతస్తులు, అంతవరకే అందులో ఉంటాయి. పిల్లర్‌లో ఎన్ని కంబీలు, దాని కింది ఫుటింగ్ (పునాది) ఎంత లోతు, బాత్రూమ్ దగ్గర స్లాబ్ ఎంత దించాలి, పైపు ఏ బీమ్ కిందనుంచి పోతుంది, ఇవేవీ అందులో ఉండవు. అవన్నీ మేస్త్రి బుర్రలో ఉంటాయి, లేదా కిందటేడు ఆయన కట్టిన ఇంట్లో ఉంటాయి. ఆ ఇంటి కింద గట్టి గరప, మన స్థలం కింద పూడ్చిన మట్టి, అయినా ఫుటింగ్ మాత్రం అదే కొలత!

దీనికి తోడు ముహూర్తం. ఆషాఢం వచ్చేలోపు శంకుస్థాపన అయిపోవాలి, అందుకని డ్రాయింగ్ రాకుండానే ముగ్గు పోసి గుంతలు తవ్వేస్తాం. పూజ చేసి ఒక రాయి పెట్టి, పని రెండు నెలల తర్వాత మొదలుపెట్టినా ఏ దేవుడూ వద్దనడు. మేము అది చేయలేదు. తవ్విన గుంతలు చూసుకుంటూ పిల్లర్లు ఎక్కడ రావాలో నిర్ణయించాం.

స్లాబ్ రోజు కూడా అంతే. కంబీ కింద ఎడం ఉంచే చిన్న సిమెంటు దిమ్మెలు, అదే కవర్ బ్లాకులు, పెట్టాల్సిన చోట కంకర ముక్కలు పెడుతున్నారు. ఇదేంటి మేస్త్రీ అంటే "ఏం కాదు సామీ, ముప్పై ఏళ్ళ నుంచి ఇట్లే చేస్తుండా" అన్నాడు. కంబీకి, బయటికి మధ్య స్లాబ్‌లో 20 మిల్లీమీటర్లు, పిల్లర్‌లో 40, ఫుటింగ్‌లో 50 కాంక్రీటు ఉండాలని, లేకపోతే తేమ తగిలి తుప్పు పట్టి పెచ్చులు ఊడతాయని నాకు ఆరేళ్ళ తర్వాత పోర్టికో కింద నిలబడి పైకి చూస్తే తెలిసింది.

రెండోది ఫుల్ కాంట్రాక్ట్. ప్లాన్, మెటీరియల్, లేబర్ అన్నీ ఆయనవే, అడుగుకి ఇంత అని ఒకే మాట. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తూ శనివారం సాయంత్రం వచ్చి చూసుకునేవాళ్ళకి ఇదే కుదురుతుంది. గంగజాతరకి కూలీలు వారం రోజులు రాకపోయినా, ఇసుక దొరక్కపోయినా టెన్షన్ ఆయనది. కాకపోతే డిజైన్ చేసేదీ ఆయనే, ఖర్చు పెట్టేదీ ఆయనే అయినప్పుడు గీత ఎటు వంగుతుందో మీరే ఊహించుకోండి. మా అగ్రిమెంట్‌లో "స్టాండర్డ్ క్వాలిటీ ఫిట్టింగ్స్" అని ఉంది. ఆ ఒక్క మాట మీద కుళాయిల నుంచి తలుపు గడియల దాకా గొడవే. మెట్లు అడుగుల్లోకి వస్తాయా, బాల్కనీ సగం లెక్కా పూర్తి లెక్కా, సంపు (నేలలోని నీళ్ళ తొట్టి), కాంపౌండ్ గోడ రేటులో ఉన్నాయా లేవా, ఇవన్నీ ముందే రాయించుకోకపోతే ఆఖరి బిల్లులో ప్రత్యక్షమవుతాయి.

ఈ పద్ధతిలో వెళ్ళేవాళ్ళు చిన్న లెక్కలు దగ్గర పెట్టుకోవాలి. మామూలు ఇంటికి వెయ్యి చదరపు అడుగులకి సిమెంటు 400 నుంచి 450 బస్తాలు, కంబీ మూడున్నర నుంచి నాలుగు టన్నులు అవుతుందని మోటు అంచనా. కాంట్రాక్టర్ లెక్క దీనికి చాలా దూరంగా ఉంటే ఎందుకని అడగండి, సరైన కారణం ఉంటే చెప్తాడు. 12 ఎం.ఎం. కంబీ మీటరుకి సుమారు 0.89 కేజీ, అంటే 12 మీటర్ల కంబీ ఒకటి పదిన్నర కేజీలు దాటుతుంది. వేబ్రిడ్జి చీటీ పక్కన పెట్టి కంబీలు లెక్కపెట్టండి, చీటీ చెప్పేది నిజమో కాదో తెలిసిపోతుంది.

పెద్ద పనుల్లోనూ ఈ తగువు ఉన్నదే. 2004 తర్వాత జలయజ్ఞం సాగునీటి ప్రాజెక్టులకి ఈపీసీ పద్ధతి తెచ్చారు, అంటే సర్వే, డిజైన్, కట్టడం అన్నీ ఒకే కాంట్రాక్టర్‌కి ఒకే మొత్తానికి ఇవ్వడం. పని త్వరగా మొదలవుతుంది, నిజమే. పూర్తి డిజైన్ లేకుండానే ధర ఖాయం చేసుకోవడం మాత్రం ఇంటికైనా కాలవకైనా ఒకటే.

ఇక మూడోది, బావమరిది ఇంటికి చేసింది. గీసేవాళ్ళు వేరు, కట్టేవాళ్ళు వేరు. ముందు మట్టి పరీక్ష, తర్వాత ప్లాన్, దానిమీద పిల్లర్లు, బీములు, కంబీల లెక్క చూపే స్ట్రక్చరల్ డ్రాయింగులు, కరెంటు ఒక షీటు, నీళ్ళ పైపులు ఒక షీటు, తలుపులు, కిటికీల కొలతలు ఇంకో షీటు. వాటిని బట్టి గుంత తవ్వడం ఎంత, కాంక్రీటు ఎంత, గోడ ఎంత, పూత ఎంత అని క్వాంటిటీలు తీయించి, అదే కాగితం ముగ్గురు మేస్త్రీలకి ఇచ్చి రేట్లు అడిగాం. మెటీరియల్ మాదే. ముగ్గురూ ఒకే కాగితానికి రేటు చెప్పారు కాబట్టి పోల్చడం కుదిరింది. అంతకుముందు ఒకాయన బాల్కనీతో కలిపి, ఇంకొకాయన బాల్కనీ లేకుండా రేటు చెబితే, తక్కువ ఎవరిదో తెలిసేది కాదు. ఫుటింగ్‌కి ముందు ఒకసారి, ప్రతి స్లాబ్‌కి ముందు ఒకసారి డిజైన్ చేసిన ఇంజనీర్ సైటుకి రావాలని ఫీజు మాట్లాడేటప్పుడే రాయించాం. ఆయన సంతకం లేకుండా కాంక్రీటు మిషన్ తిరగలేదు.

దీనికి సమయం పడుతుంది, రెండు నెలలు కాగితాలకే పోయాయి. ఇంట్లో పెద్దవాళ్ళు "ఇంకా గుంత కూడా తవ్వలేదా" అని సతాయించారు. ఫీజు కూడా దండగలాగే అనిపిస్తుంది, మొదట్లో నాకూ అనిపించింది. అయితే 2021 నవంబర్ వానల్లో ఎం.ఆర్.పల్లి దగ్గర శ్రీకృష్ణనగర్‌లో సిమెంటు రింగుల సంపు, లోపల ఒకావిడ శుభ్రం చేస్తుండగానే భూమిలోంచి పైకి లేచిన వీడియో మీరు చూసే ఉంటారు. ఆవిడ బయటపడ్డారు, అదే పదివేలు. జనం మాయ అన్నారు గానీ, చుట్టూ నేలంతా నీళ్ళు నిండి ఉండగా లోపలి నీళ్ళు తోడేస్తే తొట్టి తేలికై పడవలా తేలింది, అంతే. మా ఇంజనీర్ సంపు డ్రాయింగ్ గీసేటప్పుడు మొదట అడిగింది "వానాకాలంలో ఇక్కడ నీళ్ళు ఎంత పైకి వస్తాయి?" అనే. మేస్త్రి అడిగేది ఎన్ని రింగులు కావాలని.

నా లెక్కలో ఊళ్ళో ఉండి రోజుకి గంట సైటు దగ్గర నిలబడగలిగితే మూడోదే మేలు. దూరంలో ఉంటే ఫుల్ కాంట్రాక్టుకే ఇవ్వండి, డ్రాయింగులు మాత్రం మీ డబ్బుతో, మీ మనిషితో గీయించి, వాటిని అగ్రిమెంట్‌కి జత చేసి సంతకాలు పెట్టించండి. ఉత్త మేస్త్రి పద్ధతి గోడౌన్‌కో, పశువుల కొట్టానికో, ఒక గది పెంచుకోవడానికో సరిపోతుంది. పిల్లర్ల మీద రెండంతస్తులకి మాత్రం నేను మళ్ళీ ఆ జోలికి పోను.

బావమరిది భార్య ఆ రెండు నెలల్లో బాత్రూమ్‌ని నాలుగుసార్లు జరిపింది, వంటగది గట్టు రెండుసార్లు తిప్పింది. అన్నీ కాగితం మీదే కాబట్టి గీసే అబ్బాయి విసుక్కోవడం తప్ప ఖర్చేమీ కాలేదు. స్లాబ్ ముందురోజు సాయంత్రం ఎలక్ట్రీషియన్ కరెంటు షీటు పట్టుకుని సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కింద కట్టే చట్రం) మీద తిరుగుతూ బాక్సులు లెక్కపెట్టాడు. షీటులో పద్నాలుగు, పైన పదమూడు. మళ్ళీ లెక్కపెట్టి, తిట్టుకుంటూ కిందికి దిగి, పద్నాలుగోది తెచ్చి కట్టాడు.