పట్టు వదలని తీగ బఠాణీ

పాత రకపు తీగ బఠాణీని కొన్నేళ్లుగా పెరట్లో పెంచుతున్నాను. నేను వేసేది 19వ శతాబ్దం చివరి నాటి ఆల్డర్‌మన్ రకం. కాయ కోసిన వెంటనే ఒలిచి తింటే ఎంత తియ్యగా ఉంటుందో పెంచినవారందరికీ తెలుసు కనుక ఆ సంగతి వదిలేస్తాను. నన్ను ఈ మొక్కకు కట్టిపడేసినవి దీని నులితీగలు.

ఆకు కొసన ఉండవలసిన చిట్టాకులే నులితీగలుగా మారతాయి. సన్నని దారం తగిలితే చాలు, కొద్ది గంటల్లోనే చుట్టుకుని బిగిసిపోతాయి. లావుపాటి వెదురు బొంగును మాత్రం పట్టుకోలేవు కాబట్టి, బొంగుల మధ్య దారమో వలో తప్పనిసరి.

ఒక ఏడాది నిండు పూత మీద ఉండగా గాలివానకు వల పైతాడు తెగి, తడిసి బరువెక్కిన తీగలన్నీ ఒక్కసారిగా నేలకు ఒరిగాయి. ఆ ఏటికి పంట పోయినట్టేననుకున్నాను. తీరా చూస్తే, నులితీగలు వలనే కాక పక్క తీగలను కూడా గట్టిగా పెనవేసుకుని ఉండటం వల్ల, ఆరడుగులకు పైగా ఎదిగిన ఆ పాదు అంతా ఒకే తెరలా నిలిచింది. ఇద్దరం చెరోవైపు పట్టి మెల్లగా లేపి కొత్త తాడు కట్టేశాం. మొదళ్ల దగ్గర వంగిన కాడలు చాలావరకు విరగలేదు. కొన్నాళ్లకే చిగుళ్లు మళ్లీ పైకి తిరిగాయి, పూత సాగింది, కాయలు కోసేకొద్దీ కొత్తవి వచ్చాయి.

అయితే అదే పట్టు పంట చివర విసిగిస్తుంది. ఎండిన నులితీగలు గట్టిపడి ప్లాస్టిక్ వలను ఎంతకీ వదలవు. ఒక్కొక్కటీ తుంచి తీయాలి. ఇప్పుడు జనపనార పురికొస కడుతున్నాను. తీగలతో సహా కోసి కంపోస్టు గుంతలో వేసేయవచ్చు.

బఠాణీ ఎక్కువగా స్వపరాగ సంపర్కమే జరుపుకుంటుంది, అంటే తన పువ్వులోని పుప్పొడితోనే కాయ కడుతుంది కనుక, దాచిన గింజల నుంచి నాకు ఇప్పటికీ అదే ఎత్తు, అదే కాయ వస్తున్నాయి. ఆ విషయంలో లోటు లేదు. కానీ ఈ రకం కాపుకు రావడానికి పొట్టి రకాల కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. పగటి వేడి 30 డిగ్రీలకు చేరితే పూత నిలవడం కష్టం, బూడిద తెగులూ పట్టుకుంటుంది. నాకు స్థలం తక్కువ, చల్లని రోజులు ఎక్కువ, ఉదయం పూట కాస్త తీరిక ఉంది. అందుకే ఇది కుదిరింది. ఎండలు త్వరగా ముదిరే చోట ఉన్నవారు పొట్టి రకంతో పాటు దీనిని ఒక్క వరుస మాత్రం వేసి చూడటం మంచిది.