యూసఫ్‌గూడలో సేయూ కోర్సు: ఫీజు 6,500, నాకు దక్కిన మైకు 12 నిమిషాలు

ముందే చెప్పేస్తున్నా, ఈ సంస్థ పేరు రాయను. రిఫండ్ గొడవ ఇంకా నడుస్తోంది, ఎందుకొచ్చిన తలనొప్పి. కృష్ణానగర్, యూసఫ్‌గూడ సందుల్లో డబ్బింగ్ నేర్పిస్తామనే బోర్డులు చాలానే ఉంటాయి కాబట్టి, ఎక్కడికి వెళ్లినా డబ్బులు కట్టేముందు ఏం అడగాలో తెలుస్తుందని రాస్తున్నా. రేటింగ్ కావాలంటే ఐదుకి రెండున్నర. అందులో రెండు ఒకే ఒక్క మనిషికి వేశా, ఆవిడ గురించి కింద చెప్తా. మిగతా అర తలుపు దగ్గర ఇచ్చిన ఛాయ్‌కి.

యాడ్ ఇన్‌స్టాలో వచ్చింది: "రెండు వీకెండ్లలో సేయూ అవ్వండి". సేయూ అంటే జపాన్‌లో యానిమేలకి, అంటే అక్కడి కార్టూన్ సినిమాలకి, సిరీస్‌లకి గొంతు ఇచ్చే నటులు. నేను స్కూల్ నుంచి రాగానే బ్యాగు సోఫాలో పడేసి టీవీలో తెలుగు డోరెమాన్ చూసిన బ్యాచ్. ఇప్పుడు కొండాపూర్‌లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం, రోజంతా హెడ్‌సెట్ పెట్టుకుని "లైన్లో ఉండండి సార్" అనడమే పని. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాజిల్ అనే యానిమే సినిమా తెలుగులో కూడా థియేటర్లకి వచ్చింది కదా, అప్పుడు జపనీస్ షోకి వెళ్దామని సగం మంది, తెలుగు షోకని సగం మంది కొట్టుకుని, చివరికి టికెట్లు దొరికిన తెలుగు షోకి వెళ్లి, బయటికొచ్చాక పార్కింగ్‌లో బండ్ల మీద కూర్చుని గంటసేపు గొంతుల గురించే మాట్లాడుకున్నాం. ఆ ఊపు ఇంకా తగ్గలేదు, ఈ యాడ్ కనపడింది, వెనకా ముందూ చూడకుండా కట్టేశా.

వాళ్లు చెప్పిందేంటంటే: బ్యాచ్‌కి పది మందే, ఒక్కొక్కరికి గంట స్టూడియో టైమ్, జపాన్ ఫ్యాకల్టీతో ఆన్‌లైన్ క్లాస్, చివర్లో డెమో ఫైల్ (మన గొంతు శాంపిల్ రికార్డింగ్), సర్టిఫికెట్.

మొదటి శనివారం అమీర్‌పేట్‌లో మెట్రో మారి యూసఫ్‌గూడలో దిగి, ఒక టిఫిన్ సెంటర్ పైన మూడో అంతస్తు ఎక్కా. లిఫ్ట్ లేదు. కుర్చీలు పదిహేను, మనుషులం ఇరవై ముగ్గురం. ఇంటర్ పిల్లల నుంచి రిటైరైన బ్యాంకు అంకుల్ దాకా ఉన్నారు. అంకుల్‌కి యానిమే అంటే ఏంటో తెలీదు, మనవరాలు చూస్తుందట, తనని ఆశ్చర్యపరుద్దామని వచ్చాడు. అందరిలోకీ ఆయనే బాగా చేశాడు, అది వేరే సంగతి.

మొదటి వీకెండ్ మొత్తం యానిమే ట్రైనర్ది. అతను నేర్పిందల్లా గొంతు సన్నగా చేసి ముద్దుముద్దుగా కీచుమనడం. "హీరోయిన్లంతా ఇట్లనే మాట్లాడతరు" అని ఆడపిల్లలందరి చేతా అదే అనిపించాడు, మగపిల్లల చేత గొంతు చించుకుని పవర్ల పేర్లు అరిపించాడు. ఒక ఇంటర్ అమ్మాయి లేచి, "సార్, నరుటోకి డబ్బింగ్ చెప్పింది లేడీ కదా?" అనడిగింది. "లేదమ్మా, అబ్బాయి పాత్రకి అబ్బాయే చెప్తాడు" అన్నాడు. నాకు తల కొట్టుకోవాలనిపించింది. నరుటో అనే ఆ అబ్బాయి హీరోకి జపాన్‌లో గొంతిచ్చింది తకెయుచి జుంకో అనే ఆవిడ. వన్ పీస్‌లో హీరో లూఫీకి 1999 నుంచి చెప్తున్నది తనకా మయూమి అనే ఆవిడ. డ్రాగన్ బాల్ హీరో గోకుకి 1986 నుంచీ చెప్తున్న నొజావా మసాకో 1936లో పుట్టారు, గోకు కొడుకులు గోహాన్, గోటెన్ గొంతులు కూడా ఆవిడవే! తండ్రీ కొడుకులు మాట్లాడుకునే సీనంటే ఆవిడ తనతో తనే మాట్లాడుకోవాలి. డోరెమాన్‌కైతే 1979 నుంచి 2005 దాకా ఓయమా నొబుయో, తర్వాత మిజుతా వసాబి, ఇద్దరూ ఆడవాళ్లే. సేయూ కోర్సు అని బోర్డు పెట్టుకున్నవాడికి ఇది తెలియకపోవడమంటే, కర్ణాటక సంగీతం మాస్టారికి త్యాగరాజు ఎవరో తెలియకపోవడం లాంటిది.

డబ్బుల విషయంలో ఇంకా ఘోరం. "జపాన్‌లో ఒక్క ఎపిసోడ్‌కి లక్షలు" అన్నాడు, పిల్లల కళ్లు మెరిశాయి. అక్కడ నటుల యూనియన్ పెట్టిన ర్యాంకుల పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు జూనియర్ ర్యాంకు, అరగంట ఎపిసోడ్‌కి 15,000 యెన్లు, మన లెక్కలో దగ్గరదగ్గర ఎనిమిది, తొమ్మిది వేల మధ్య. ఎపిసోడ్ మొత్తం మాట్లాడినా, తలుపు తీసి "ఎవరూ?" అని ఒక్క మాటన్నా అంతే. అందులో మళ్లీ ఏజెన్సీ వాటా, పన్ను. పైగా జూనియర్లకి వారానికో వేషం దొరకడమే గగనం, అందుకే చాలామంది షాపుల్లో, హోటళ్లలో పార్ట్‌టైమ్ చేసుకుంటూ ఆడిషన్లు ఇస్తుంటారు. కాస్త పేరొచ్చినవాళ్లకి గొంతు ఒక్కటీ సరిపోదు, పాటలు పాడాలి, రేడియో షోలు చెయ్యాలి, స్టేజీ మీద చెయ్యి ఊపాలి. మిజుకి నానా అనే సేయూ లాగా 2011లో టోక్యో డోమ్ స్టేడియంలో కచేరీ చేసే స్థాయికి వెళ్లినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆ కచేరీ ఫొటో ఒక్కటి బ్రోషర్ మీద వేసి ఇంటర్ పిల్లల దగ్గర 6,500 తీసుకోవడం నాకు నచ్చలేదు.

జపాన్ ఫ్యాకల్టీ సంగతి: ప్రొజెక్టర్ మీద అరగంట యూట్యూబ్ వీడియో. మధ్యలో యాడ్లు కూడా వచ్చాయి.

ఆ వీడియో మాత్రం బాగుంది, నిజం చెప్పాలి. వాళ్ల స్టూడియో పద్ధతి చూపించారు. నటులంతా ఒకే గదిలో గోడవారగా కూర్చుంటారు, ముందు మూడో నాలుగో మైకులు, చేతిలో స్క్రిప్టు. తన మాట రాగానే లేచి ఖాళీగా ఉన్న మైకు దగ్గరికి చప్పుడు కాకుండా వెళ్లడం, చెప్పెయ్యడం, వెనక్కి జరిగి ఇంకొకరికి చోటివ్వడం, అదంతా ఒక డ్యాన్స్ లాగా ఉంటుంది. కాగితం తిప్పితే చప్పుడు రాకూడదు, బట్టలు గరగరలాడకూడదు. బొమ్మ పూర్తిగా గీసి ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు, ఒక్కోసారి తెల్ల కాగితం మీద పెన్సిల్ గీతలే కదులుతుంటాయి, ఎవరి మాట ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో తెర మీద గుర్తు వస్తుంది, దాన్ని చూసుకుంటూ ఏడవాలి, నవ్వాలి. 2020లో కరోనా వచ్చాక ఇద్దరు ముగ్గురిని విడివిడిగా పిలిచి రికార్డు చెయ్యడం మొదలైంది. ఇంకోటి, సాయంత్రం ఏడింటికి స్టూడియోకి వచ్చినా గుడ్ మార్నింగే చెప్పాలట, అదక్కడి మర్యాద. మా ఆఫీసు నైట్ షిఫ్టులోనూ అంతే, రాత్రి పదింటికి లాగిన్ అయి గుడ్ మార్నింగ్ అంటాం, అందుకని అది నాకు బాగా నచ్చింది.

ఇక రెండో శనివారం. ఆ రోజు కూడా ఇదే అయితే ఆదివారం ఎగ్గొట్టి పడుకుందామనుకున్నా. పదకొండింటికి ఒకావిడ వచ్చింది, నూలు చీర, చేతిలో స్టీలు ఫ్లాస్కు. పాతికేళ్లుగా డబ్బింగ్ చెప్తోంది, సీరియళ్లలో అత్తలు, కార్టూన్లలో పిల్లలు, యాడ్లలో అమ్మలు. పేరు రాయొద్దంది, అందుకని అక్క అనే రాస్తా, మేమూ అట్లనే పిలిచాం. బూత్‌లోకి వెళ్లేముందు గాజులు ఒక్కొక్కటీ తీసి, కర్చీఫులో మూటకట్టి కుర్చీలో పెట్టింది. "తమ్ముడూ, ఏసీ ఆపు" అంది. ఫ్యాన్ లేదు, ఏసీ లేదు, ఐదు నిమిషాల్లో అందరికీ చెమటలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నా కడుపులో ఇడ్లీలు చేసే చప్పుడు నాకే వినపడింది.

ట్రైనర్ పంచిన కాగితం ఒకటుంది, జపాన్‌లో సేయూ శిక్షణలో నాలుక తిరగడానికి చదివించే ఉయిరోఉరి. కబుకి నాటకాల్లోది, మందులమ్మేవాడు గుక్కతిప్పుకోకుండా తన మందు గొప్పతనం చెప్పుకుంటాడు, 1718 నాటిది. మంచిదే, కానీ దాన్ని తెలుగు అక్షరాల్లో కొట్టి మా చేత చదివిస్తే ఏం లాభం? అక్క ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వాళ్ల నోటికి పని. మీరు 'లక్ష భక్ష్యములు భక్షించు లక్ష్మయ్యకు' చదవండి, ఒత్తు మింగితే చెంప మీద కొడతా" అంది. సగం మంది మింగాం. నేనైతే "లచ్చ బచ్చాలు" దగ్గరే ఆగిపోయా.

ఆ తర్వాత చెప్పిన విషయం కోసం ఇంకో 6,500 అయినా కట్టొచ్చు. మామూలు సినిమా డబ్బింగ్‌లో ప, బ, మ వచ్చినచోట తెర మీద పెదాలు కలవాలి, లేకపోతే చూసేవాళ్లకి ఏదో తేడా కొడుతుంది. యానిమేలో నోరు చాలాసార్లు మూసి, సగం తెరిచి, పూర్తిగా తెరిచి, ఈ మూడు బొమ్మలతోనే ఆడుతుంది, కాబట్టి ఆ బాధ తక్కువ. పైగా ఇంగ్లీషు కంటే జపనీస్ మనకి దగ్గర పడుతుందట, డబ్బింగ్ వరకు. క్రియ వాక్యం చివర్లోనే వస్తుంది మనలాగే, మాటలు ఎక్కువగా అచ్చుతో ఆగుతాయి మనలాగే. "నేను నిన్ను క్షమించను" అనే మాట తీసుకుంది. జపనీస్‌లో కూడా ఆ కాదనే ముక్క చిట్టచివర్లో ఉంటుంది, అందుకే హీరో మొహం చివరి క్షణంలో బిగుసుకుంటుంది, మన "ను" సరిగ్గా అక్కడ పడుతుంది. ఇంగ్లీషు వాక్యంలో ఆ కాదనడం ముందే వచ్చేస్తుంది, మొహం ఒకచోట, మాట ఒకచోట. ఇన్నేళ్లు యానిమే చూస్తున్నా, తెలుగు ట్రాక్ ఎందుకో పరాయిగా అనిపించలేదు అనుకునేవాణ్ణి, కారణం ఇదని నాకు ఎప్పుడూ తట్టలేదు.

నా వంతు వచ్చింది. పద్నాలుగు సెకన్ల బిట్. కుర్రాడు మెట్లెక్కి పరిగెత్తుకొస్తాడు, ఆగుతాడు, "అన్నా... వాళ్లు వచ్చేశారు" అంటాడు. అంతే. మొదటి టేక్‌లో చక్కగా, స్పష్టంగా చెప్పా, లోపల గర్వం కూడా. "నువ్వు చదువుతున్నావు నాన్నా. రైలు మూడో నంబర్ ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది అన్నట్టుంది" అంది. రెండోసారి ఆయాసం నటించా. "అది ఆయాసం కాదు, కుక్క." ఆరో టేక్‌కి బయటికి పంపి, కింద టిఫిన్ సెంటర్ దాకా దిగి మళ్లీ పైకి పరిగెత్తి రమ్మంది. వచ్చా. "అన్నా" అన్న మాట నోట్లోంచి సగమే వచ్చింది, మిగతా సగం గాలే. "ఇప్పుడు ఎక్కడ ఊపిరి తీశావో గుర్తుపెట్టుకో, స్క్రిప్టులో అక్కడ గీత పెట్టుకో" అంది. పదకొండో టేక్ ఓకే అయింది. దెబ్బ తగిలిన శబ్దానికి కూడా ఇంతే, ముందు పొట్ట బిగించాలి, తర్వాతే గొంతు. అరవడం అందరికీ వచ్చు, అరిచేముందు పీల్చే గాలి ఎవరికీ రాదు అంది.

చివర్లో క్రౌడ్ చేయించింది. సంతలో జనం గోల, ఇరవై ముగ్గురం ఒకే మైకు చుట్టూ మూగి తలా ఒక మాట. బ్యాంకు అంకుల్ "టోకెన్ నంబర్ నలభై రెండు" అని అరిచాడు, అలవాటు. జపాన్‌లో ఈ గోలని గయా అంటారు, కొత్త సేయూలకి మొదట దొరికేది ఎక్కువగా ఇదేనట. కృష్ణానగర్‌లోనూ అంతే.

ఇప్పుడు తిట్లు. గంట మైకు అన్నారు, నాకు వచ్చింది 12 నిమిషాలు, అది కూడా అక్క లంచ్ మానేసింది కాబట్టి. అక్క మొత్తం కోర్సులో ఒక్క రోజే, ఆదివారం మళ్లీ ట్రైనర్, మళ్లీ కీచుమనడం. సర్టిఫికెట్ మీద జపాన్ జెండా ఉంది, జపాన్‌కి దానికీ ఏ సంబంధం లేదు. డెమో ఫైల్ మూడు రోజుల్లో అన్నారు, పందొమ్మిదో రోజున వచ్చింది. ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి "చెప్తా సార్, చెప్తా సార్" అంటుంది, పాపం తనేం చేస్తుంది. సగం డబ్బులు వెనక్కివ్వమని మెయిల్ పెట్టా, జవాబుగా అడ్వాన్స్‌డ్ బ్యాచ్ ఆఫర్ వచ్చింది.

వెళ్లాలనుకుంటే డబ్బులు కట్టేముందు ఒక్కరోజు క్లాసులో కూర్చోనివ్వమని అడగండి, ఎంతమంది, ఎన్ని మైకులు, నేర్పేవాళ్లు ఈ నెలలో ఏం డబ్బింగ్ చెప్పారో అడగండి, ఈ చివరి ప్రశ్నకి నసిగితే ఛాయ్ తాగి మెట్లు దిగెయ్యండి. అక్క సొంతంగా ఆదివారాలు ఇంట్లో ఐదారుగురికి నేర్పిస్తుందట, నేనూ అంకులూ వచ్చే నెల నుంచి చేరుతున్నాం.

ఆ డెమో ఫైల్ ఇంట్లో అమ్మకి వినిపించా. రెండుసార్లు విని, "ఎవర్రా పాపం, బస్సు వెనక పరిగెత్తాడా?" అంది. నా జీవితంలో నాకొచ్చిన మొదటి మంచి రివ్యూ. ఫైల్ మీద పేరు మాత్రం నాది కాదు, బ్యాంకు అంకుల్ది. నా పేరున్న ఫైల్ ఎవరికి వెళ్లిందో ఇంకా వెతుకుతున్నారు.